తబ్రీజ్ తుపాకుల పొగలో ఏం జరిగింది? తొలి బహాయీ చరిత్ర డాక్యుమెంటరీ చూశాక వచ్చే ప్రశ్నలు

తొలి బహాయీ చరిత్ర మీద ఎవరు డాక్యుమెంటరీ తీసినా 1850 జులై 9 నాటి ఇరాన్‌లోని తబ్రీజ్ సైనిక ఆవరణ దగ్గరికి రాక తప్పదు. బహాయీ మతానికి ముందు నడిచిన బాబీ ఉద్యమ స్థాపకుడు, ముప్పై ఏళ్ల బాబ్‌ను, ఆయనతోపాటే చస్తానని పట్టుబట్టిన ఒక యువ శిష్యుణ్ని తాళ్లతో గోడకు వేలాడదీశారు. తుపాకులు పేలాయి. పొగ విడిపోయేసరికి బాబ్ అక్కడ లేడు. వెతికి పట్టుకొచ్చి మళ్లీ కట్టి, రెండో దఫా కాల్చి చంపారు.

తెర మీద ఈ ఘట్టం నాలుగైదు నిమిషాలకు మించదు. సినిమా అయ్యాక జరిగే చర్చలో సగం మాత్రం దీని చుట్టూనే తిరుగుతుంది. ఒకరు కళ్లు తుడుచుకుంటారు. పక్క కుర్చీలోని వారు ‘ఇది నిజంగా జరిగిందనడానికి ఆధారం ఏమిటి?’ అంటారు. వెనక నుంచి ‘మొదటిసారి కాపాడిన దేవుడు రెండోసారి ఎందుకు కాపాడలేదు?’ అని ఇంకొకరు లేస్తారు. ముగ్గురూ మాట్లాడుతున్నది ఒకే దృశ్యం గురించి, అడుగుతున్నది మాత్రం మూడు వేర్వేరు సంగతులు. ఆ కాలంలోనే కాగితం మీదికెక్కిన సంఘటన ఒకటి. నమ్మినవాళ్లు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన జ్ఞాపకం ఇంకొకటి. దాని మీద నిలబడిన విశ్వాసం మూడోది. సినిమా ఈ మూడింటినీ కలిపి ఒకే వ్యాఖ్యానంలో వినిపిస్తుంది. వాదన తెగకపోవడానికి అసలు కారణం ఇదే. ఏ ప్రశ్న ఏ పొరకు చెందుతుందో విడదీసి చూస్తే చాలావాటికి సమాధానం దొరుకుతుంది. దొరకనివి ఎందుకు దొరకవో కూడా తెలుస్తుంది.

తబ్రీజ్ దృశ్యం

వివరంగా తెలిసిన బహాయీ కథనం నబీల్ జరందీది. ఆయన 1831లో పుట్టాడు. తబ్రీజ్ ఘటనను కళ్లారా చూడలేదు. చూసినవాళ్లను, విన్నవాళ్లను అడిగి తెలుసుకుని, 1888లో ఇప్పటి ఇజ్రాయెల్‌లోని అక్కాలో కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. అంటే దాదాపు నలభై ఏళ్ల తర్వాత. 750 మంది సైనికులు, 250 మంది చొప్పున మూడు వరుసలు, ఆర్మేనియన్ క్రైస్తవ దళానికి నాయకుడు సామ్ ఖాన్, ఆయన రెండోసారి కాల్చనని తన దళాన్ని వెనక్కి తీసుకుపోవడం, బాబ్ పక్క గదిలో తన లేఖకుడితో అంతకుముందు ఆగిపోయిన మాటలు పూర్తి చేస్తూ కనిపించడం... ఇవన్నీ మనకు బహాయీ చరిత్రకారుల రాతల్లోంచి వచ్చినవి. సినిమాల్లో కనిపించేది ఎక్కువగా ఈ కథనమే.

‘ఇదంతా భక్తుల కల్పన’ అనేవారు గమనించాల్సిన కాగితం ఒకటుంది. టెహరాన్‌లో ఉన్న బ్రిటిష్ రాయబారి జస్టిన్ షీల్ 1850 జులై 22న, అంటే పదమూడు రోజులకే, లండన్‌లోని విదేశాంగ మంత్రి పామర్‌స్టన్‌కు లేఖ రాశాడు. మొదటి దఫా కాల్పుల పొగ తొలగాక బాబ్ కనిపించలేదనీ, ఆయన ఆకాశానికి వెళ్లిపోయాడని జనం కేకలు పెట్టారనీ, గుళ్లు తాళ్లను తెంచాయనీ, వెతికి ఒక మూల నుంచి లాక్కొచ్చి కాల్చారనీ అందులో ఉంది. షీల్‌కు బాబ్ మీద భక్తి లేదు. ఆయన తబ్రీజ్‌లోనూ లేడు, తనకు అందిన కబురే రాశాడు. అయినా, మొదటి దఫాలో చావకపోవడం, కనిపించకుండా పోవడం, రెండో దఫా అనే మూడు ముక్కలూ అప్పటికే ప్రచారంలో ఉన్నాయని ఆ లేఖతో రుజువవుతోంది. తర్వాతి తరాలు అల్లుకున్న కథ అయితే అంత తొందరగా టెహరాన్ చేరి ఉండేది కాదు.

అప్పటి తుపాకుల్లో వాడింది బాగా పొగ వచ్చే నల్ల తుపాకిమందు. వందల తుపాకులు ఒక్కసారి పేలితే మూసి ఉన్న ఆవరణలో ఎదుటి గోడ కూడా కనిపించనంత పొగ కమ్ముతుంది. బిగుతుగా వేలాడే తాడుకు గుండు తగిలితే తెగుతుంది. ఇక ఇదంతా యాదృచ్ఛికమా, దైవ సంకల్పమా అన్నది మూడో పొర ప్రశ్న. అక్కడ ఏ దస్తావేజూ తీర్పు చెప్పదు, చెప్పమని అడగకూడదు కూడా. దర్శకుడు షీల్ లేఖను తెర మీద చూపిస్తే ఆ దృశ్యం బలహీనపడుతుందనే భయం అక్కర్లేదు. నమ్మనివాడు కూడా కుర్చీలో ముందుకు జరిగి కూర్చునేది ఆ లేఖ చూసినప్పుడే.

1844 ఎక్కడి నుంచి వచ్చింది?

బాబీ ఉద్యమం మొదలైన ఏడాది 1844. అమెరికా, యూరప్ ప్రేక్షకుల కోసం తీసిన సినిమాలు సాధారణంగా అమెరికా క్రైస్తవ బోధకుడు విలియం మిల్లర్‌ను ముందుకు తెస్తాయి. బైబిల్లో దానియేలు గ్రంథం 8:14లోని 2,300 దినాలను సంవత్సరాలుగా లెక్కించి, క్రీ.పూ. 457 నుంచి మొదలుపెట్టి, క్రీస్తు రాకడ దగ్గరపడిందని మిల్లర్ బోధించాడు. సున్నా సంవత్సరం లేదు కాబట్టి లెక్క 1844 దగ్గర తేలుతుంది. ఆయన అనుచరులు చివరికి 1844 అక్టోబర్ 22 అని తేదీ పెట్టుకున్నారు. ఆ రోజు ఏమీ జరగలేదు. వేలమంది కుప్పకూలిపోయారు. అదే ఏడాది మే 22 రాత్రి ఇరాన్ నగరం షిరాజ్‌లో, దేవుడు పంపినవాణ్ని తానేనని బాబ్ తన తొలి శిష్యుడు కాబోయే ముల్లా హుసేన్ ముందు ప్రకటించాడు. బహాయీలకు ఈ కలయిక ఎంతో అర్థవంతం. క్రైస్తవ ప్రేక్షకుల్లో చాలామందికి ఇది బలవంతపు ముడి అనిపిస్తుంది. మిల్లర్ ఎదురుచూసింది క్రీస్తు కోసం, తేదీ ఐదు నెలలు తేడా, పైగా దినాన్ని సంవత్సరంగా లెక్కించడాన్ని అన్ని సంఘాలూ ఒప్పుకోవు. ఈ అభ్యంతరాలు న్యాయమైనవే.

మిల్లర్‌కు పది నిమిషాలిచ్చి కర్బలాకు ఒక్క నిమిషం ఇచ్చే సినిమా తలకిందులుగా నడుస్తోందనే చెప్పాలి. షిరాజ్‌లో ఆ రాత్రి జరిగినదానికి మూలాలు అమెరికాలో లేవు, షియా ముస్లిం లోకంలో ఉన్నాయి. పన్నెండో ఇమామ్ హిజ్రీ 260లో కనుమరుగయ్యాడని షియాల విశ్వాసం. సరిగ్గా వెయ్యి చాంద్రమాన సంవత్సరాలకు హిజ్రీ 1260 వచ్చింది, అదే 1844. షేఖ్ అహ్మద్ అహ్సాయీ, ఆయన తర్వాత కర్బలాలో సయ్యద్ కాజిమ్ రష్తీ నడిపిన షేఖీ అనే షియా పాఠశాలలో ఈ ఎదురుచూపు తీవ్రంగా ఉండేది. కాజిమ్ మరణించాక ముల్లా హుసేన్, మరికొందరు శిష్యులు కూఫా మసీదులో నలభై రోజులు ఉపవాస ప్రార్థనల్లో గడిపి, వెతుకులాటకు బయలుదేరారు. షిరాజ్ చేరడం అలా జరిగింది. ఈ నేపథ్యం చెప్పకపోతే, కొత్త ప్రేక్షకుడికి ముల్లా హుసేన్ ఎవరో బాటసారి అనీ, ఒక్క సాయంత్రంలో ఎవరి మాటలకో లొంగిపోయాడనీ అనిపిస్తుంది. ఆ ముక్క వదిలేసిన సినిమా చూసి ‘అంత తేలిగ్గా ఎలా నమ్మాడు?’ అని అడగడంలో ప్రేక్షకుడి తప్పేమీ లేదు.

తొలి పద్దెనిమిది మంది శిష్యుల జాబితాలో సయీద్ హిందీ అనే భారతీయుడి పేరు ఉంది. సినిమాలు దీన్ని దాదాపు ఎప్పుడూ చెప్పవు. 1880ల్లో బహాయీ గ్రంథాలు లితో (రాతి పలక) అచ్చుగా బయటికొచ్చింది కూడా బొంబాయి నుంచే.

ముఖం చూపించరెందుకు?

మన ప్రేక్షకులు ముందుగా అడిగేది ఇదే. ఎన్టీ రామారావును కృష్ణుడిగా చూసి చేతులెత్తి మొక్కిన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు, కథానాయకుడే కనిపించని సినిమా వింతగా ఉంటుంది. బహాయీలు దైవ ప్రవక్తలుగా భావించే ఎవరినీ, అంటే బాబ్, బహాయీ మత స్థాపకుడు బహాఉల్లాలనే కాదు, మహమ్మద్ ప్రవక్తనూ క్రీస్తునూ కూడా, నటులచేత వేయించడం అగౌరవంగా భావిస్తారు. బహాఉల్లా ఫొటో ఉంది. ఇప్పటి టర్కీలోని అడ్రియానోపుల్‌లో తీసింది, ఇప్పుడు హైఫాలో భద్రంగా ఉంది. యాత్రికులు భక్తితో దర్శించుకుంటారు గానీ ఇళ్లలో, పుస్తకాల్లో పెట్టుకోరు. ఆ ఫొటో ఇంటర్నెట్‌లో దొరుకుతుంది కదా అని కొందరు చర్చ మధ్యలో తెర మీదికి ఎక్కించేస్తారు. అక్కడున్న బహాయీలకు అది తీవ్రమైన బాధ. తెలిసి చేసినా తెలియక చేసినా అంతటితో ఆ రోజు మాట్లాడుకోవడం ముగిసినట్టే.

ఈ నియమం వల్ల కథనంలో ఒక చిక్కు వస్తుంది. నటించడానికి వీలున్న పాత్రలు బాబ్ తొలి శిష్యులైన ముల్లా హుసేన్, తాహిరా, ఖుద్దూస్. కెమెరా వాళ్ల మీదే ఉంటుంది. బాబ్ వ్యాఖ్యాత గొంతులో వినిపిస్తాడు, లేదంటే ఆయన్ని చూస్తున్నవాళ్ల ముఖాల్లో కనిపిస్తాడు. పది పేర్లూ కొత్తవైన ప్రేక్షకుడు ముల్లా హుసేనే నాయకుడనుకుని బయటికొస్తాడు. ఇంకో సంగతి: ఇరాన్‌లో బహాయీలకు ఈ విషయం మీద షూటింగ్ చేసే అవకాశమే లేదు. షిరాజ్‌లో బాబ్ ఇంటిని 1979లో కూల్చేశారు. కాబట్టి తెర మీది వీధులు, కోటలు ఇంకో దేశానివో, సెట్‌లో వేసినవో అయ్యుంటాయి. తాహిరా పేరుతో తిరిగే ‘ఫొటో’లు ఏవీ నిర్ధారితమైనవి కావు.

ఆయుధాలు, అంకెలు

శాంతి మతంగా బహాయీలను ఎరిగినవారు, ఢిల్లీ లోటస్ టెంపుల్ ప్రశాంతతను చూసినవారు, షేఖ్ తబర్సీ కోట దగ్గర కత్తులు చూసి ఉలిక్కిపడతారు. ముల్లా హుసేన్ 1848లో ఖొరాసాన్ నుంచి నల్లజెండా ఎత్తి బయలుదేరే దృశ్యం వస్తే ఈ కాలపు ప్రేక్షకుడికి గుర్తొచ్చేది ఐసిస్. ఖొరాసాన్ నుంచి నల్లజెండాలు వస్తాయన్న హదీసు చాలా పాతది. ఎనిమిదో శతాబ్దంలో అబ్బాసీలు కూడా అదే గుర్తును వాడుకున్నారు. చూసినవాళ్లకు అర్థమయ్యే సంకేతాన్నే ముల్లా హుసేన్ ఎత్తాడు. ఈ ఒక్క వాక్యం వ్యాఖ్యానంలో లేకపోతే తర్వాతి ఇరవై నిమిషాలూ ప్రేక్షకుడు తప్పు కళ్లద్దాలతోనే చూస్తాడు.

ఉత్తర ఇరాన్‌లోని మాజందరాన్‌లో, షేఖ్ తబర్సీ అనే ఆ చిన్న దర్గా చుట్టూ గోడ, బురుజులు కట్టుకుని బాబీలు (బాబ్ అనుచరులు) 1848 అక్టోబర్ నుంచి 1849 మే దాకా ప్రభుత్వ సేనలను నిలువరించారు. తిండి అయిపోయాక గుర్రపు మాంసం తిన్నారు. చివరికి తోలు ఉడకబెట్టుకున్నారు, గడ్డి తిన్నారు. సేనాని మహదీ ఖులీ మీర్జా ఖురాన్ మీద ప్రమాణం చేసి అభయమిచ్చి, బయటికొచ్చాక చంపించాడు. ఇంతవరకూ అనుకూలురు, ప్రతికూలురు రాసినవి చాలామేరకు కలుస్తాయి. ‘కేవలం ఆత్మరక్షణా?’ అన్న దగ్గరే విడిపోతాయి. బహాయీ చరిత్రకారులు అవునంటారు. అప్పటి ఇరాన్ పాలకులైన ఖాజార్ రాజుల ఆస్థాన చరిత్రకారులు తిరుగుబాటు అంటారు. రాత్రిపూట కోట దాటి శత్రు శిబిరాల మీద దాడులు చేశారన్నది ఇద్దరూ ఒప్పుకునే సంగతే. ముట్టడిలో చిక్కినవాడు బయటికొచ్చి కొట్టడాన్ని ఏమనాలన్నది వాదించదగ్గ ప్రశ్న. బాబీలను, బహాయీలను ఒకే గాట కట్టడం మాత్రం పొరపాటు. 1863లో బాగ్దాద్ దగ్గరి రిజ్వాన్ తోటలో బహాఉల్లా తాను దేవుడు పంపినవాణ్నని ప్రకటించినప్పుడే మతం కోసం కత్తి పట్టడాన్ని నిషేధించాడు. తబర్సీ దానికి 14 ఏళ్ల ముందటిది.

అంకెల విషయంలో సినిమాలు అజాగ్రత్తగా ఉంటాయి. కోటలో 313 మంది ఉన్నారంటారు. బద్ర్ యుద్ధంలో ప్రవక్త వెంట ఉన్నవారి సంఖ్య, ఇమామ్ మహదీ వెంట ఉంటారని చెప్పే సంఖ్య కూడా 313. పేర్ల జాబితాలు పోల్చి చూసిన పరిశోధకులకు అంతకంటే బాగా ఎక్కువమందే తేలారు. ఆ ఏళ్లలో చనిపోయిన బాబీలు మొత్తం 20,000 మంది అన్న మాట బహాయీ రచనల్లో స్థిరపడింది. అకడమిక్ అంచనాలు రెండు మూడు వేల దగ్గర ఉంటాయి. అంకె తగ్గితే త్యాగం తగ్గుతుందన్న బెంగతో 20,000నే పట్టుకుని కూర్చోవడం వల్ల నష్టమే ఎక్కువ. అనుమానంతో చూసే ప్రేక్షకుడు ఈ ఒక్క అంకె తేలిపోగానే నిజమైన ఊచకోతలను కూడా అనుమానిస్తాడు. ఇరాన్ పట్టణాలు నైరీజ్‌లో, జంజాన్‌లో బాబీల మీద జరిగిన ఘోరాలకు ఏ అంకె అలంకారమూ అక్కర్లేదు.

1852 ఆగస్టు 15

సినిమాలు ఒకే వాక్యంలో దాటేసే రోజు ఇది. బాబ్ హత్యకు ప్రతీకారంగా కొందరు బాబీలు ఇరాన్ రాజు నాసిరుద్దీన్ షా మీద కాల్పులు జరిపారు. తుపాకిలో వేసింది చిన్న రవ్వలు కాబట్టి స్వల్ప గాయాలతో బయటపడ్డాడు. ఆ తర్వాత రాజ్యం తీర్చుకున్న కక్ష ఒళ్లు గగుర్పొడిచేది. పట్టుబడినవారిని ఉద్యోగ వర్గాలకు, వృత్తి సంఘాలకు పంచి, ఒక్కొక్క వర్గం చేత ఒక్కొక్కరిని చంపించారు. ఎవరు ఎవరిని చంపారో ప్రభుత్వ గెజిట్టే అచ్చేసింది. బహాఉల్లాను నాలుగు నెలలు సియాచాల్ నేలమాళిగలో గొలుసులతో ఉంచి, 1853 జనవరిలో బాగ్దాద్‌కు వెళ్లగొట్టారు. తాహిరాను చంపిందీ ఆ రోజుల్లోనే. హత్యాయత్నాన్ని దాచి శిక్షలు మాత్రమే చూపిస్తే, ప్రేక్షకుడు ఇంటికెళ్లి ఒక్కసారి వెతగ్గానే దాచినది బయటపడుతుంది. అప్పుడు సినిమా మొత్తం మీద నమ్మకం పోతుంది.

అన్నదమ్ముల చీలికదీ ఇదే కథ. బహాఉల్లా సవతి తమ్ముడు మీర్జా యహ్యా, ‘సుబ్హె అజల్’, బాబ్ తర్వాత నాయకుడు తానేనన్నాడు. అడ్రియానోపుల్‌లో చీలిక ఖరారైంది. 1868లో ఒట్టోమన్ సర్కారు బహాఉల్లాను అక్కాకు, యహ్యాను సైప్రస్‌లోని ఫామగుస్తాకు పంపింది. విషప్రయోగం ఆరోపణలు రెండు వైపుల నుంచీ ఉన్నాయి. 1872 జనవరిలో అక్కాలో కొందరు బహాయీలు ముగ్గురు అజలీలను, అంటే యహ్యా అనుచరులను, చంపారు. బహాఉల్లా దాన్ని తీవ్రంగా ఖండించాడు. బహాయీల సొంత చరిత్ర గ్రంథాల్లోనే ఈ హత్యల ప్రస్తావన ఉంది. పుస్తకంలో ఒప్పుకున్నదాన్ని తెర మీద దాచడం ఎందుకు? కేంబ్రిడ్జి పండితుడు ఎడ్వర్డ్ బ్రౌన్ 1890లో కొద్ది వారాల తేడాతో ఇద్దరినీ వెళ్లి కలిశాడు. ఆ రెండు ప్రయాణాలను పక్కపక్కన పెట్టి చూపిస్తే చీలిక కథ దానంతట అదే అర్థమవుతుంది.

తాహిరా చివరి మాట

బదష్త్‌లో జరిగిన బాబీల సమావేశంలో, 1848 వేసవిలో, తాహిరా ముసుగు తీసి పురుషుల ముందుకు రావడం ఏ సినిమాలోనైనా అందరినీ కదిలించే ఘట్టం. చూసినవాళ్లలో కొందరు తట్టుకోలేక సమావేశం వదిలి వెళ్లిపోయారని కథనాలు చెబుతాయి. ఖజ్వీన్‌కు చెందిన ఈ కవయిత్రి తొలి పద్దెనిమిది మందిలో ఏకైక మహిళ. ఇక్బాల్ తన ఫార్సీ కావ్యంలో ఆమెను హల్లాజ్, గాలిబ్‌ల సరసన నిలబెట్టాడు. మన హైదరాబాద్ ఉర్దూ పాఠకులకు ఆమె పేరు పరిచయమయ్యేది ఎక్కువగా ఆ దారిలోనే. ‘నన్ను చంపగలరు గానీ స్త్రీ విముక్తిని ఆపలేరు’ అనే అర్థమొచ్చే వాక్యం ఆమె ఆఖరి మాటగా పోస్టర్ల మీద కనిపిస్తుంది. అది ప్రసిద్ధమైంది ఇరవయ్యో శతాబ్దపు పుస్తకాల వల్ల. 1852 నాటి సాక్ష్యం దానికి కనిపించదు. ఆ వాక్యాన్ని పక్కన పెట్టినా ఆమె స్థాయికి లోటు రాదు. ముసుగు తీయడం ఆమె చేసిన పని. షియా ధర్మశాస్త్రపు పాత అధ్యాయం ముగిసిందని ప్రకటించడం అందులోని ఉద్దేశం. దీన్ని కేవలం మహిళా హక్కుల దృశ్యంగా కుదించడం ఆమె పాండిత్యానికి అన్యాయం.

కుట్ర సిద్ధాంతాలు

‘ఇది రష్యా పుట్టించిన మతం’ అన్న మాటకు మూలం రష్యా రాయబారి దొల్గొరుకోవ్ జ్ఞాపకాల పేరుతో 1940ల్లో ఇరాన్‌లో ప్రచారమైన ఒక దొంగ రాత. అసలు దొల్గొరుకోవ్ టెహరాన్‌లో రాయబారిగా ఉన్నది 1845 నుంచి 1854 దాకా. ఆ రాత మాత్రం ఆయన్ని 1830ల్లోనే టెహరాన్‌లో కుట్రలు చేయిస్తుంది. బహాయీలను ఘాటుగా విమర్శించిన ఇరాన్ చరిత్రకారుడు అహ్మద్ కస్రవీ కూడా ఇది నకిలీ అనే తేల్చాడు. ఇందులో పిసరంత నిజం ఉంది: బహాఉల్లా బావ ఒకరు రష్యన్ రాయబార కార్యాలయంలో ఉద్యోగి, జైలు నుంచి విడుదలకు ఆ రాయబారి చేసిన సాయానికి బహాఉల్లా కృతజ్ఞత కూడా చెప్పాడు. ఇంకొందరు బహాయీల ప్రపంచ కేంద్రం హైఫాలో ఉంది కాబట్టి ఇజ్రాయెల్ సృష్టి అంటారు. బహాఉల్లాను అక్కాకు ఖైదీగా తెచ్చింది ఒట్టోమన్ ప్రభుత్వం, 1868లో. ఇజ్రాయెల్ ఏర్పడింది 80 ఏళ్లకు. మన దేశంలో బహాయీలను ఖాదియానీలతో, అంటే అహ్మదియాలతో, కలిపేయడం కూడా మామూలే. అహ్మదియా ఉద్యమం పంజాబ్‌లో 1889లో మొదలైంది, రెండింటికీ సంబంధం లేదు.

ముస్లిం ప్రేక్షకుల అభ్యంతరం దీంతో కలపదగ్గది కాదు. ఖురాన్ 33:40 ప్రకారం మహమ్మద్ చివరి ప్రవక్త అన్నది వారి మౌలిక విశ్వాసం. దాన్ని గౌరవంగా వినాలి. డాక్యుమెంటరీ చూపించి వాళ్లను ఒప్పించేద్దామనుకోవడం అమాయకత్వం.

ప్రదర్శన ఏర్పాటు చేసేవారికి

పేర్లు చిక్కుపెడతాయి. అందరూ మీర్జాలు, ముల్లాలు, సయ్యద్‌లే. పేరుకు ముందు మీర్జా ఉంటే చదువుకున్నవాడు, చివర ఉంటే రాజకుమారుడు అని మొదట్లోనే చెప్పేస్తే సగం గందరగోళం తగ్గుతుంది. ఒక్క పేజీ కాగితం చాలు: ఎనిమిది పేర్లు, షిరాజ్, కర్బలా, తబర్సీ, తబ్రీజ్, టెహరాన్, బాగ్దాద్, అక్కా గుర్తించిన మ్యాపు, రెండు క్యాలెండర్లలోనూ తేదీలు. బహాయీ రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి మే 22 రాత్రి జరిగినదాన్ని 23గా రాసినవీ కనిపిస్తాయి. అది తప్పు కాదని అందులోనే రాయాలి.

గంటన్నర సినిమాకు కనీసం నలభై నిమిషాల చర్చ కావాలి. ‘ఆయన ప్రవక్తేనా?’ అన్న ప్రశ్నతో మొదలైతే చరిత్ర గురించి ఇక ఎవరూ మాట్లాడరు. అందుకే మొదటి ఇరవై నిమిషాలు ‘ఈ దృశ్యానికి ఆధారం ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు?’ అన్న దానికే కేటాయించి, విశ్వాసం ప్రశ్నలను రెండో సగానికి వదిలిపెట్టాలి. నబీల్ కథనం, షీల్ లేఖ, ఖాజార్ ఆస్థాన కథనం నుంచి తబ్రీజ్ ఘట్టం తాలూకు పేరాలు తెలుగులో చదివి వినిపిస్తే వాదన మీద చల్లటి నీళ్లు పడతాయి. ఇంకో జాగ్రత్త తప్పనిసరి. హాల్లో ఇరానియన్లు ఉంటే ప్రేక్షకుల ఫొటోలు, పేర్లు సోషల్ మీడియాలో పెట్టకూడదు. 1979 తర్వాత ఇరాన్‌లో రెండు వందలకు పైగా బహాయీలకు మరణశిక్ష వేశారు. 1983 జూన్ 18న ఒక్క షిరాజ్‌లోనే పదిమంది స్త్రీలను ఉరితీశారు. ఈనాటికీ అక్కడి బహాయీ యువతకు విశ్వవిద్యాలయాల తలుపులు మూసే ఉన్నాయి. ఇక్కడ పెట్టిన ఒక ఫొటో అక్కడి బంధువుల ఇంటికి పోలీసులను పంపవచ్చు. ఈ సంగతి సినిమా మొదలవకముందే, లైట్లు ఆర్పేలోపే అందరికీ చెప్పాలి.